తెల్ల నేల మీద తెల్ల అక్షరాలు

‘మార్పులు భద్రమయ్యాయి’ అని కంప్యూటర్ చెబితే సుందరలక్ష్మి నమ్మదు. సంఘం వెబ్ పేజీలో ఒక్క అంకె మార్చినా ముందు ఆఫీసు తెర మీద చూస్తుంది, తర్వాత తన ఫోన్లో చూస్తుంది. అదీ చాలక మెట్లు దిగి, కింద కిరాణా కొట్టు రూపాలి దగ్గర ఫోన్ అడిగి తీసుకుని అందులోనూ చూస్తుంది.

“ఏంది వదినా, నా ఫోన్ల నీ పేజీ వేరే తీరు కనవడ్తదా?” అని రూపాలి నవ్వేది.

“ఎవల ఫోన్ల ఏం కనవడ్తదో ఎవలకెరుక? సూస్తె ఏం పోతది?” అనేది సుందరలక్ష్మి.

ఈ గుణం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, పేజీతో వచ్చింది. ఆమె పుట్టి పెరిగింది ఠాణే దగ్గర, తెలుగు నేతవాళ్ల పేట పద్మనగర్‌లోనే. తండ్రి సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ ఇంకొకరి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. పన్నెండో తరగతి దాకా ఆమెది మరాఠీ బడి. రెండు రోజులు ఆలస్యంగా చేరే తెలుగు పేపరును తండ్రి గట్టిగా చదువుతుంటే పక్కన కూర్చుని వినీ చూసీ తెలుగు చదవడం నేర్చుకుంది. పెళ్లయ్యాక నాలుగేళ్లు కార్ఖానాలో కండెలు చుట్టింది. భర్త ఓంప్రకాష్‌కు కాల్హేర్ గోదాములో పని దొరికాక కంప్యూటర్ క్లాసుకు వెళ్లింది. నేతవాళ్ల సంఘం ఆఫీసులో టైపు పనికి చేరి ఇది తొమ్మిదో ఏడు.

సంఘం పేజీ ఆమె చేతి కిందికి వచ్చింది కూడా అప్పుడే. పేజీలు పెట్టుకోవడానికి ఊరికే చోటిచ్చే ఒక వేదిక మీద ఎవరో మొదలుపెట్టి వదిలేసిన పేజీ అది. ఎర్ర నేల మీద పసుపు అక్షరాలు, మూలన ఎగిరే పావురం, పేజీ తెరవగానే మోగే పాట. సుందరలక్ష్మి మొదట పాట తీసేసింది. తర్వాత పావురాన్ని పంపేసింది. నేల తెల్లగా, అక్షరాలు నల్లగా మార్చింది. ఏ కార్ఖానాలో మనుషులు కావాలో ఒకచోట, సిరిసిల్ల, కామారెడ్డి బస్సుల వేళలు ఒకచోట, శోక వార్తలు ఒకచోట విడగొట్టింది. ఫోన్లో చూసేవాళ్ల కోసం వేరే ముస్తాబు పెట్టింది: ముదురు నీలం నేల, తెల్లటి అక్షరాలు. పెద్దవాళ్ల కళ్లకు అదే హాయిగా ఉందన్నారు.

అందరూ ఎక్కువగా చూసేది శోక వార్తలే. సోలాపూర్‌లో, సూరత్‌లో, సిరిసిల్లలో ఉన్న చుట్టాలు కూడా శవయాత్ర ఎప్పుడో, దినాలు ఎప్పుడో అందులోనే చూసుకుంటారు.

పేజీ చేతికి వచ్చిన రెండో నెలలోనే ఎవరో మారుపేరుతో ఒక పెద్దమనిషి గురించి కూడని వ్యాఖ్య రాశారు. పొద్దున ఆమె చూసి తీసేసేలోపు పద్మనగర్ అంతా చదివింది. ఆ ఏడాదే ‘మీ పేజీ మూతపడబోతోంది, రహస్యపదం పంపండి’ అని ఒక ఉత్తరం వస్తే, పంపబోయి ఆఖరి అక్షరం దగ్గర ఆగిపోయింది. అది దొంగ ఉత్తరమని తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఆ వేదిక ‘కొత్త రూపానికి మారండి’ అని ఎంత మర్యాదగా అడిగినా ఆమె ఆ మీట నొక్కదు. ఎవరైనా పేజీ బాగుందంటే, వీళ్లకేం పని పడిందోనని ఆలోచిస్తుంది.

ఈ నెలలో ఆ అనుమానాలకు మరింత బలమైన కారణం దొరికింది. రెండు తప్పులు జరిగాయి. ఒకరి దినాల తేదీ తప్పు పడి చుట్టాలు ఒకరోజు ముందే వచ్చేశారు. ఇంకోసారి మనుషులు కావాలన్న ప్రకటనలో కార్ఖానా నంబరు తారుమారై పదిమంది వేరే గుమ్మం ముందు నిలబడ్డారు. కార్యదర్శి కనుకయ్య పిలిచి, కేకలేయకుండా చెప్పాడు. కేకలేస్తే బాగుండేది.

“సూడు బిడ్డా, ఇంకొక్క తప్పు వడ్డదనుకో, పేజీ మా స్వప్నిల్‌కు అప్పజెప్త. వాడు కంప్యూటర్ల డిగ్రీ చేసిండు, ఖాళీగ ఉన్నడు.”

స్వప్నిల్ ఆయన మేనల్లుడు. తొమ్మిదేళ్లు రంగులద్ది, గడులు సరిచేసి, ఒక్కో అక్షరం నిలబెట్టిన పేజీ ఆ కుర్రవాడికి పోతుందన్న మాట సుందరలక్ష్మికి అన్నం సహించనీయలేదు. ఆ రెండు తప్పులూ తన చేతివేనా అని కూడా అనుమానం మొదలైంది.

గురువారం సాయంత్రం కాశేలి నుంచి భూషణ్ అనే అతను ఫోనుకు సందేశం పంపాడు. గోదాములో పనిచేసే అతనికి తెలుగు రాయడం రాదు, మరాఠీలో పంపాడు. తండ్రి జక్కని దేవయ్య, డెబ్బై నాలుగేళ్లు, ఠాణే ఆసుపత్రిలో పోయాడు, అంత్యక్రియలు అక్కడే అయిపోయాయి, పై వారం శనివారం దశదినకర్మ. దేవయ్య కుటుంబం పద్మనగర్ వదిలి కాశేలి వెళ్లి పదిహేనేళ్లయింది. సుందరలక్ష్మికి ఆయన ముఖం లీలగా గుర్తుంది. వార్తను తెలుగులో రాసి, తేదీని మూడుసార్లు క్యాలెండర్‌తో సరిచూసి, అయిదున్నరకు శోక వార్తల్లో పెట్టింది. ఆఫీసు తెర మీద చూసింది, ఫోన్లో చూసింది, రూపాలి ఫోన్లో చూసింది. ఆరింటికి ఇంటికి వెళ్లింది.

శుక్రవారం సాంచాలకు సుట్టి, మగ్గాలన్నీ ఆగుతాయి. ఆ ఒక్కరోజే పద్మనగర్‌లో మనిషి గొంతు మామూలుగా మాట్లాడినా వినిపిస్తుంది. సుందరలక్ష్మి ఆఫీసుకు వచ్చి పేజీ తెరిచింది. శోక వార్తల్లో రెండు వార్తల మధ్య బెత్తెడు ఖాళీ. దేవయ్య లేడు.

వెంటనే ఫోన్ తెరిచింది. ఫోన్లో దేవయ్య ఉన్నాడు, అక్షరం పోకుండా. మళ్లీ తెర వైపు చూసింది. ఖాళీ. మౌస్‌ను ఆ ఖాళీ మీద పైనుంచి కిందికి లాగింది. నీలం పట్టీ పడి, దాని మధ్యలో తెల్లగా అక్షరాలు లేచాయి: జక్కని దేవయ్య. వార్తను ఎవరూ చెరపలేదు. అక్షరాల రంగు తెలుపు చేశారు. కంప్యూటర్లో నేల తెలుపు కాబట్టి కనిపించదు, ఫోన్లో నేల నీలం కాబట్టి కనిపిస్తుంది.

ఇది పొరపాటున జరిగేది కాదు. ఆ ఒక్క వార్తను ఎంచి, రంగుల పెట్టె తెరిచి, తెలుపు నొక్కి ఉండాలి. ఆఖరి మార్పు ఎప్పుడు జరిగిందో వేదిక చూపిస్తుంది: గురువారం సాయంత్రం ఆరూ యాభై రెండు. ఆ పేజీకి ఉన్నది ఒక్కటే ఖాతా. ఆఫీసు కంప్యూటర్లో అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కనుకయ్య అలాగే ఉండాలన్నాడు. ఎవరు చేశారో వేదిక చెప్పదు. కానీ ప్రింట్లు తీసుకునేవాళ్లు సంతకం పెట్టే పుస్తకం బల్ల మీద ఉంది. గురువారం చివరి సంతకం స్వప్నిల్‌ది, ఆరూ నలభై.

“మంచిగ దొరికినవ్ కొడుకా,” అంది సుందరలక్ష్మి ఖాళీ గదిలో.

కనుకయ్యకు మీటల ఫోను తప్ప ఇంకోటి లేదు. ఆయన పేజీ చూసేది ఆఫీసు తెర మీదే. ఆయన కళ్లకు మాత్రమే ఖాళీ కనిపించేలా ఎవరు చేస్తారు? మూడో తప్పు కావలసినవాడే. ఆ తెల్ల రంగు తీసేయడం ఆమెకు అరనిమిషం పని. చేయలేదు. దొంగ పడ్డ ఇంట్లో వస్తువులు సర్దకూడదు. జనానికి ఎలాగూ ఫోన్లో కనిపిస్తోంది. తెర ఫోటో తీసి, సంతకాల పుస్తకం ఫోటో తీసి, రెండూ ప్రింటు తీసి సంచిలో పెట్టుకుంది. శనివారం సాయంత్రం కమిటీ కూర్చుంటుంది.

సాక్షులు కూడా కావాలనిపించింది. కిందికి దిగి రూపాలిని అడిగింది.

“రూపాలీ, శోక వార్తలు సూసినవా?”

రూపాలి ఫోన్లో నడుస్తున్న వీడియో ఆపి బల్ల మీద బోర్లించింది. “లేదొదినా. నా ఫోన్ల నెట్ లేదు.”

“ఇప్పటిదాక ఏం సూస్తున్నవ్ మరి?”

“పాతది. ఎప్పటిదో.”

పొద్దున లేవగానే పళ్లు తోముకోకముందే శోక వార్తలు చూసే మనిషి ఈమె. సుందరలక్ష్మి ఆమె ముఖంలోకి చూసింది. రూపాలి పప్పు డబ్బా మూత సరిచేసుకుంటూ ఉండిపోయింది.

మలుపులో చాయ్ బండి కేశవులును అడిగితే అతను కన్ను గీటాడు. “మస్తు పని చేసినవక్కా. ఎవ్వలకు రాదు గా తెలివి.”

“నేనేం చేసిన?”

“అబ్బ, ఏం చెయ్యలే. నేనేమన్నన్నా?” అని గ్లాసు చేతిలో పెట్టాడు.

చాయ్ చేదుగా అనిపించింది. ఎగతాళి చేస్తున్నాడు. అంటే స్వప్నిల్ సంగతి అందరికీ తెలుసు, తెలిసీ చెప్పరు. పఠనాలయం చూసుకునే ముసలాయన సిద్ధిరాములు దగ్గరికి వెళ్లింది. ఆఫీసు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. రోజూ సాయంత్రం ఆమె కుర్చీ వెనక నిలబడి, ఏం నొక్కితే ఏమవుతుందో అడిగి తెలుసుకునే మనిషి. ఎవరినీ ఒక్క మాట అననివాడు.

“కాకా, గురువారం నేను వొయినంక ఆఫీసుల ఎవలున్నరు?”

“ఎవలుంటరు బిడ్డా,” అన్నాడు సిద్ధిరాములు పేపరు మడతపెడుతూ. “ఊకె గవన్ని తవ్వకు.”

“స్వప్నిల్ వచ్చిండు గదా?”

“వచ్చిండు, వొయిండు.” ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకోలేదు. “ఆదివారం దాక ఓపిక వట్టు. తర్వాత అన్ని మాట్లాడుకుందాం.”

ఆదివారం దాకా ఎందుకు? శనివారం కమిటీ అయిపోవాలనా? ఈయన్ని కూడా కొన్నారన్నమాట. ఇంటికి వెళ్లి ఓంప్రకాష్‌తో చెబితే అతను చొక్కా విప్పుతూ, “నీకు నా మీద అనుమానం లేదు గదా, అదే చాలు,” అన్నాడు. సుందరలక్ష్మి నవ్వలేదు. గురువారం అతను ఎన్నింటికి ఇల్లు చేరాడో ఒక్క క్షణం లెక్కేసుకుంది కూడా.

శనివారం అయిదింటికి కమిటీ కూర్చుంది. కనుకయ్య, నలుగురు సభ్యులు, కిటికీ దగ్గర సిద్ధిరాములు, గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటూ స్వప్నిల్. కనుకయ్య విషయాలు మొదలుపెట్టేలోపు తలుపు దగ్గర చెప్పులు విడిచి టవల్ అంకుశం లోపలికి వచ్చాడు. ఆయనకు ఎనిమిది సాంచాలున్నాయి, నేసేదంతా టవళ్లే. పద్మనగర్‌లో ఆయన్ని ఇంకో పేరుతో ఎవరూ పిలవరు. భుజాన సంచి, సంచి నిండా కార్డులు.

“రేపు మా నమ్రత పెండ్లి. అందరికి ముందే చెప్పిన గని కార్డులు ఆలశ్యమైనయ్. మన హాల్లనే. పదకొండున్నరకు ముహూర్తం. ఎవ్వలు రాకున్నా ఊకోను,” అని ఒక్కొక్కరి చేతిలో కార్డు పెడుతూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“కూసో అంకుశం, చాయ్ తాగి పో,” అన్నాడు కనుకయ్య. “సుందరలక్ష్మీ, నువ్వేందో చెప్తా అన్నవ్?”

సుందరలక్ష్మి లేచింది. సంచిలోంచి ప్రింట్లు తీసింది. నిన్నటినుంచి మాటలు పేర్చుకుని ఉంది.

“సాబ్, గురువారం నేనొక శోక వార్త వెట్టిన. నేను ఇంటికి వొయినంక దాన్ని ఎవలో…”

సిద్ధిరాములు గట్టిగా దగ్గాడు. ఒక సభ్యుడు, “గది తర్వాత మాట్లాడుదాం,” అన్నాడు. ఇంకొకాయన కిటికీ మూయమన్నాడు, కిటికీ మూసే ఉంది. సుందరలక్ష్మికి ఒళ్లు మండింది. చూశావా, అందరూ ఒక్కటే.

“ఎందుకు తర్వాత? ఇప్పుడే తేలాలె.”

“ఎవలు వొయిన్రు చెల్లె?” అని అంకుశం అడిగాడు. అడుగుతూనే ఆమెకివ్వాల్సిన కార్డు ఆమె చేతిలో పెట్టాడు.

కార్డు చేతికొస్తే అక్షరాలు చూడకుండా ఉండలేదు సుందరలక్ష్మి. బంగారు రంగు, తెలుగొక వైపు, మరాఠీ ఒక వైపు. పై వరుసలో పెద్దగా ఉంది: జక్కని వారి ఇంట వివాహ మహోత్సవం.

జక్కని.

టవల్ అంకుశం ఇంటిపేరు ఆమెకు ఇంతవరకు తట్టలేదు. దేవయ్య ఇంటిపేరే ఈయన ఇంటిపేరు. ఇద్దరూ పాలివాళ్లు, ఒకే వంశం దాయాదులు. పాలివాళ్లలో ఒకరు పోతే మిగతా ఇళ్లన్నిటికీ పది రోజుల మైల. మైలలో పెళ్లి జరగదు. రేపటి పెళ్లి ఆగిపోతుంది. కానీ చావు కబురు చెవిన పడితేనే మైల పడుతుంది. వినని ఇంటికి మైల లేదు. అందుకే పెళ్లి ఇంటి చెవిన ఆ మాట పడకుండా, తెలిసినవాళ్లంతా నోరు కట్టేసుకుంటారు. చూశామని ఒప్పుకోరు కూడా.

రూపాలి బోర్లించిన ఫోను, కేశవులు గీటిన కన్ను, ఆదివారం దాకా ఓపిక పట్టమన్న మాట, అన్నీ ఒక్కసారిగా వేరే అర్థంతో ఆమె ముందు నిలబడ్డాయి. వాళ్లంతా ఆ వార్తను తనే దాచిందనుకుంటున్నారు. తను దాచిందని మెచ్చుకుంటున్నారు. తను మాత్రం రెండు రోజులుగా దాన్నే పట్టుకుని వీధి వీధి తిరిగింది. ఇప్పుడు పెళ్లికూతురి తండ్రి ముందు నిలబడి పేరు చెప్పబోయింది.

“చెప్పు చెల్లె, ఎవలు?” అన్నాడు అంకుశం. జేబులోంచి ఫోన్ తీశాడు. “పేజీల ఉన్నదా? కార్డుల పనిల వడి నాలుగు రోజులాయె సూడక. ఆగు, నేనే సూస్త.”

ఆయన వేలు తెర మీద కదులుతోంది. ఫోన్లో నేల నీలం. ఫోన్లో దేవయ్య స్పష్టంగా ఉన్నాడు.

“తెరువకు అన్నా!” సుందరలక్ష్మి కేక గదిలో అందరినీ కదిలించింది. “పేజీ ఖరాబయింది. తెరిస్తె నీ ఫోన్ కూడ ఖరాబైతది. నేనే ఖరాబు చేసిన.”

అంకుశం వేలు ఆగింది. ఆమె అప్పటికే మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక్క వార్తను వెతికి తీసే తీరిక లేదు. పేజీ మొత్తాన్ని ‘ఎవరికీ కనిపించకూడదు’ అన్న గడిలోకి మార్చింది. తెర తెల్లబడింది. తొమ్మిదేళ్లలో ఆ పేజీ మూతపడటం అదే మొదటిసారి.

“ఎవలు వోలేదన్నా,” అంది ఇటు తిరగకుండా. “పాత వార్త. నేను రంగులు మార్సుకుంట తారుమారు చేసిన. గదే చెప్పబోయిన.”

కనుకయ్య కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. ఆయనకు ఫోన్లో వార్త తెలియదు, తెర మీద ఖాళీ తెలియదు. ఆయనకు తెలిసింది మూడో తప్పు ఒక్కటే.

“పేజీ మొత్తం ఖరాబు చేసినవా?”

“చేసిన సాబ్.”

“చేతుల కాయితాలేంది?”

“పనికిరానియి.” ప్రింట్లను నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కింది.

“చెప్పిన గదా బిడ్డా,” అన్నాడాయన, నిజంగా బాధపడుతూనే. “స్వప్నిల్, ఇయ్యాల్టి సంది నువ్వు సూడు. రాసియ్యమ్మా, రహస్యపదం రాసియ్యి.”

ఆమె చీటీ మీద రాసి ఇచ్చింది. స్వప్నిల్ తీసుకుంటూ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. అంకుశం, “అయ్యో, పెండ్లి పూట గిదేంది సాబ్, పొరపాట్లు కావా?” అని ఏదో సర్దిచెప్పబోయాడు. కనుకయ్య వినలేదు. అంకుశం చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

మెట్ల మీద సిద్ధిరాములు ఆమె వెనకే దిగాడు. “నేనే బిడ్డా. దేవయ్య పెండ్లాం గంగాబాయి ఫోన్ చేసి ఏడ్సింది. కొడుకుకు తెల్వక పంపిండట. ఆ పిల్ల పెండ్లి ఆపకున్రి, దేవయ్య ఆత్మ గోస వడ్తది అన్నది. నువ్వు ఇంటికి వొయినవ్. తీసేసుడు నాకు వచ్చు గని, చచ్చినోని పేరు కొట్టెయ్య బుద్ధి కాలే. తెల్ల రంగు వేసిన. ఫోన్ల కనవడ్తదని నాకేం ఎరుక?”

“నాకొక్క మాట చెప్తె ఏమాయె కాకా?”

“నీకు చెప్తె నువ్వు నమ్ముతవా? కాశేలికి వొయి గంగాబాయిని అడిగొస్తవు. గీ మాట ఎంతమంది చెవుల వడ్తె గంత…” ఆయన ఆపేశాడు. “సెక్రెటరీకి నేను చెప్త, పెండ్లి గానియ్యి.”

ఆయన అన్నది నిజమే. ఇంటికి వెళ్లేలోపు కాశేలికి ఫోన్ చేసి గంగాబాయిని అడిగింది కూడా. గంగాబాయి అవునంది.

ఆదివారం హాలు నిండిపోయింది. పదకొండున్నరకు తాళి కట్టారు. భోజనాల వరుసలో సుందరలక్ష్మి ఎడమ చేతిలో ఫోన్ పట్టుకునే కూర్చుంది. అప్పగింతలయ్యాక పేజీ తిరిగి తెరవమని, ముందు వార్త మీది తెల్ల రంగు తీసేసి ఫోన్లో కూడా సరిచూడమని స్వప్నిల్‌కు చెప్పింది. వాడు మరిచిపోతాడని, లేదా తొందరపడి ముందే పెట్టేస్తాడని ఆమెకు గట్టి నమ్మకం. మూడు నిమిషాలకొకసారి చూసింది. పేజీ రాలేదు. మధ్యాహ్నం రెండున్నరకు అప్పగింతలు అయ్యాయి, నమ్రత ఎక్కిన బండి మలుపు తిరిగింది.

అప్పుడు సిద్ధిరాములు అంకుశాన్ని చేతులు కడిగే చోటికి తీసుకెళ్లి చెవిలో చెప్పాడు. సుందరలక్ష్మి పది అడుగుల దూరంలో నిలబడి చూసింది. అంకుశం తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. తల మీద నీళ్లు పోసుకోవడానికి ఇంటి వైపు నడిచాడు. ‘ఎప్పుడు పోయిండు’ అని అడగలేదు. ‘ఎక్కడ’ అని అడగలేదు. చావు కబురు విన్న మనిషి మొదట అడిగే మాటలవే.

వెళుతూ ఆమె పక్కన ఆగాడు. “చెల్లె, సెక్రెటరీతోని మాట్లాడ్త. నీ పేజీ నీకు ఇప్పిస్త.”

“అన్నా,” అంది సుందరలక్ష్మి. “నీకు ఎప్పుడు ఎరుకయింది?”

“ఇప్పుడే గదా. కాక చెప్పంగనె.”

“నిన్న ఫోన్ తీసినప్పుడు పేజీ తెరుచుకున్నదా, లేదా?”

అంకుశం తలపాగా మడతపెట్టాడు. మడతపెట్టినదాన్నే మళ్లీ మడతపెట్టాడు.

“నెట్ లేకుండె చెల్లె,” అని ముందుకు నడిచాడు.

సుందరలక్ష్మి నమ్మలేదు. కానీ ఇంకోసారి అడగలేదు. చేతిలో ఫోన్ వెలిగింది. పేజీ తెరుచుకుంది, జక్కని దేవయ్య తన చోటుకు వచ్చాడు. తేదీ చూసింది, వారం చూసింది, వయసు చూసింది, ఎక్కడా తప్పు లేదు. ఆఫీసు తెర మీద కూడా చూడాలని హాలు మెట్లు దిగింది.